బీరప్ప అట్ట మీద పసుపు

బీరప్పకు ఏం చూపించినా ఒకటే ప్రశ్న అడుగుతాడు: "ముందుగాల నీ కన్ను యాడ పడ్డది?"

ఏం చూపించినా అంటే నిజంగా ఏం చూపించినా. ఒకసారి మోకాలి నొప్పితో దవాఖానాకు పోయాడు. డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూస్తుంటే ఈయన బల్ల మీదికి వంగి, "సార్, ముందుగాల మీ కన్ను యాడ పడ్డది?" అన్నాడు.

"మోకాలి చిప్ప మీద."

"గట్లయితే మూలకు నా పేరు గంత పెద్దగ ఎందుకు ఏసిండ్రు? చిప్పకు జాగ ఇడువాలె గద!"

ఆ సంతోషంలో మందుచీటీ అక్కడే వదిలేసి వచ్చాడు. మోకాలు ఇప్పటికీ నొప్పే.

ఇంకోసారి ఇద్దరం పరామర్శకు పోయాం. గోడ మీద పోయినాయన ఫోటో, దానికి చామంతి దండ. బీరప్ప కాసేపు తల వంచుకుని కూర్చున్నాడు, తర్వాత ఇక ఉండబట్టలేక, "దండ జర కిందికి దించుండ్రి, పెద్దమనిషి సూపు కనబడ్తలేదు" అన్నాడు. దించారు. పోయినాయన సరాసరి అందరినీ చూడటం మొదలుపెట్టాడు. బతికుండగా ఆయనతో పడని తమ్ముడు లేచి, చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

ఇంట్లోనూ అంతే. భార్య వీరమ్మ పప్పు వడ్డించి, పైన ఒక ఎండుమిరపకాయ నిలబెట్టాలి. "లేకపోతే ముద్ద ముట్టడు సార్" అంటుంది నాతో. "కన్ను నిలబడనీకి ఏదన్న ఉండాలెనంట. ఆకలైనోని కన్ను అన్నం మీద నిలబడదా?"

సూర్యాపేట పాత బస్టాండు వెనుక సందులో బీరప్పకు ప్రింటింగ్ ప్రెస్ ఉంది. బతుకుదెరువు పెండ్లి కార్డులు. ప్రాణం మాత్రం 'మేళం' అనే మాసపత్రిక. బ్యాండువాళ్లు, భజన బృందాలు, చర్చి పాటగాళ్లు, తండాల్లో పాడే ఆడవాళ్లు, అందరి సంగతులూ అందులో ఉంటాయి. లోపలి ముప్పై రెండు పేజీలు అందరికీ ఒకటే. అట్టలు మాత్రం ఊరికొకటి.

నాకు తిరగడం జబ్బు. కోదాడలో టీ తాగి మిర్యాలగూడలో అన్నం తినకపోతే ఆ రోజు గడిచినట్టుండదు. కాబట్టి ఈ అట్టల ప్రతాపం మూడు ఊళ్లలోనూ కళ్లారా చూశాను. కోదాడ బస్టాండులో పుస్తకాలను తాడుకు క్లిప్పులతో బట్టల్లా ఆరేస్తారు. ఒకదాని మీద ఒకటి పడి, పైన జానెడే కనిపిస్తుంది. బస్సు ఆగేది ఐదు నిమిషాలు. అందుకని కోదాడ అట్టకు ఆ జానెడులోనే పత్రిక పేరు, దాని కింద రెండు కళ్లు, అంతే. "ఆ కళ్లు మనల్నే చూస్తున్నట్టుంటాయండీ, కొనకపోతే మొహమాటంగా ఉంటుంది" అన్నాడు అక్కడి దుకాణదారు. మిర్యాలగూడలో కొనేది రైస్ మిల్లుల ముందు వరుసలో నిలబడ్డ లారీ డ్రైవర్లు. వాళ్ల వంతు వచ్చేసరికి రామాయణం చదవొచ్చు. అందుకని ఆ అట్ట మీద పద్నాలుగు శీర్షికలు, నాలుగు బొమ్మలు, ఒక పొడుపు కథ. సూర్యాపేట అట్ట మీద ఎప్పుడూ ఒక పెద్ద ముఖం, రంగులు మాత్రం సంచికను బట్టి: డీజే కుర్రాళ్ల సంచిక వస్తే నలుపు మీద గులాబీ రంగు, చర్చి పాటలైతే నీలం మీద తెలుపు. పూర్వం తాళపత్రాలకు రెండు చెక్క పలకలే అట్టలు. ఎవరి కన్ను ఎక్కడ పడిందో ఎవరూ పట్టించుకోలేదు. బీరప్ప అప్పుడు పుట్టి ఉంటే ఆ చెక్కకు కూడా కళ్లు చెక్కించేవాడు.

"ఇదంతా వ్యాపారం సార్" అంటాడు. "నాకు మనుషులతోని పని లేదు. కన్నుతోనే పని."

నేనూ చాలా ఏళ్లు అలాగే నమ్మాను.

మొన్న ఏప్రిల్‌లో నేరేడుచర్ల నుంచి యాకోబు వచ్చాడు. క్లారినెట్ వాయిస్తాడు, పదకొండు మంది బ్యాండుకు పెద్ద. వెంట డిగ్రీ చదివే కూతురు అక్షిత.

"బీరన్నా, ఇగ బ్యాండు ఖతం" అన్నాడు యాకోబు. "మఠంపల్లి దిక్కు సిమెంటు ఫ్యాక్టరీల వాచ్‌మన్ కొలువు దొరికింది. నెలాఖరు సోమవారం చేరాలె. పోంగ పోంగ నీకొక మాట చెప్పిపోదమని వచ్చిన."

"నేనే దరఖాస్తు పెట్టిన పెద్దనాయినా" అంది అక్షిత. "ఎండల నిలబడి ఊదుతడు. ఎనుక డీజే బండి సప్పుడుకు ఏమన్న ఇనబడ్తదా? కిందటేడు మొత్తం మీద మూడు పెండ్లిళ్లు. ఇంటికొచ్చి గోడ దిక్కు మొహం పెట్టి పండుకుంటడు. నాకు సూడబుద్ధయితలేదు."

యాకోబు నవ్వాడు. ఆ నవ్వు చూసి నేను కిటికీ వైపు తిరిగాను. బీరప్ప మాత్రం అతని ముఖాన్ని అంగుళం అంగుళం కొలుస్తున్నాడు.

"ఈసారి అట్ట నీదే" అన్నాడు. "బూర తియ్యి, ఊదు. కండ్లు తెరిసి ఊదు."

అక్కడే వచ్చింది చిక్కు. యాకోబు ఊదితే కళ్లు మూసుకుపోతాయి. తెరిస్తే ఊపిరి ఆగిపోతుంది. బీరప్ప బతిమాలాడు, బెదిరించాడు, ఎదురుగా టపాకాయ కాల్చాడు. అరవై మూడు ఫోటోలు తీస్తే నూట ఇరవై ఆరు మూసిన కళ్లు వచ్చాయి.

"కండ్లు లేని అట్టను ఎవడు కొంటడు సార్?" అని నా ముందు తల పట్టుకుని కూర్చున్నాడు.

"నీ ప్రెస్సులో రోజూ అచ్చయ్యేవి కళ్లు లేని అట్టలే కదయ్యా" అని ఊరికే అన్నాను. బల్ల మీద పెండ్లి కార్డుల కట్టలున్నాయి.

బీరప్ప ఒక కార్డు తీసి చేయి చాచి పట్టుకుని చూశాడు. ఆ తర్వాత మూడు రోజులు వీరమ్మ మిరపకాయ పెట్టడం మరిచినా పప్పు తిన్నాడు. ఆమె కంగారు పడి నాకు ఫోను చేసింది.

నెలాఖరుకు సంచిక వచ్చింది. కోదాడ, మిర్యాలగూడ అట్టలు మామూలే. సూర్యాపేట అట్ట మాత్రం అచ్చం పెండ్లి కార్డు, అదీ పుస్తకం కంటే ముందే విడిగా బయటికొచ్చింది. ఎర్రటి పొడుగు కాగితం, బంగారు అంచు, దేవుడి బొమ్మ ఉండే చోట నిలువుగా క్లారినెట్. కింద లావు అక్షరాల్లో 'ఆదివారం ఉదయం పదకొండు గంటలకు', దాని కింద ప్రెస్సు చిరునామా. నాలుగు మూలలా అచ్చు కాదు, నిజం పసుపు. బీరప్ప స్వయంగా వేలితో అద్దాడు. మధ్యలో ఎక్కడో 'యాకోబు బృందంపై ప్రత్యేక సంచిక ఆవిష్కరణ' అని ఉంది. చదవాలంటే భూతద్దం కావాలి.

మా వైపు పెండ్లి కార్డును ఎవరూ చదవరు. పసుపు ఉందా, తేదీ ఎప్పుడు, భోజనం ఎక్కడ, ఇంతే చూస్తారు. ఎవరి పెండ్లో తెలియకపోతే, ఎవరో మనోళ్లే అయి ఉంటారు.

ఆదివారం వీరమ్మ ఫోను. "సార్, జల్ది రాండ్రి! ఊరంత పట్టుచీరలు కట్టుకోని మా ముంగట నిలబడ్డది!"

వెళ్లేసరికి సందు నిండిపోయింది. ఒకాయన చంకలో స్టీలు బిందె, ఇంకొకాయన చేతిలో గోడ గడియారం.

"మీరెటు దిక్కు?"

"పిల్ల దిక్కు. మీరు?"

"మేము గూడ పిల్ల దిక్కే."

"మరి పిలగాని దిక్కోళ్లు యాడ సచ్చిండ్రు, ఎండ దంచుతుంటే?"

బీరప్ప నోటుబుక్కు పట్టుకుని గుంపులో తిరుగుతున్నాడు. "అక్కా, ముందుగాల నీ కన్ను యాడ పడ్డది?" "పసుపు మీద." "అన్నా, నీది?" "పసుపు మీదనే. ఇంతకు పెండ్లికొడుకు ఏడి?" ఒక ముసలమ్మ మాత్రం, "టైము మీద నాయినా. పదకొండంటే సక్కగ బువ్వ యాళ్లకు" అంది. బీరప్ప అది రెండుసార్లు రాసుకున్నాడు.

మెల్లగా సంగతి పొక్కింది. "పెండ్లి లేదా? బుక్కు కోసమా? గిదేం మోసమయ్యా! బిందె వాపస్ తీస్కుంటడా దుకాణపోడు?" అని బిందె ఆయన గొంతు పెంచాడు.

బీరప్ప వెనక్కి తిరిగి తల ఊపాడు. ప్రెస్సు గడప మీద ఎర్రకోట్లలో పదకొండు మంది. యాకోబు అలవాటు ప్రకారం కళ్లు మూసుకున్నాడు, అప్పగింతల పాట ఎత్తుకున్నాడు.

వెనక డీజే బండి లేదు. ఆ సందులో ఆ క్లారినెట్ ఒక్కటే. బిందె ఆయన బిందె కింద పెట్టేశాడు. పెండ్లికూతురే లేని పెండ్లిలో నలుగురు ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకున్నారు. యాకోబు కళ్లు తెరిచేసరికి సందంతా అతన్నే చూస్తోంది. భయపడి మళ్లీ మూసుకున్నాడు.

"ఓ బ్యాండు పెద్దమనిషీ" అన్నాడు బిందె ఆయన, ముక్కు తుడుచుకుంటూ. "మాది మోతె. రేపే మా బిడ్డ పెండ్లి. డీజే రాత్రికి ఉండనీ, ఎదుర్కోళ్లకు మాత్రం నువ్వే రావాలె."

"రేపు సోమవారం కదన్నా..." యాకోబు కూతురి వైపు చూశాడు. "రేపే కొలువుల చేరాలె."

అటు పక్క గడియారం ఆయన అప్పుడే, "మాది వచ్చే శుక్రవారం" అంటున్నాడు. ఇంకొకామె తేదీ చెప్పడానికి ముందుకు తోసుకొస్తోంది. అక్షిత బీరప్ప చేతిలోంచి నోటుబుక్కు లాక్కుని తేదీలు రాయడం మొదలుపెట్టింది. మొదటిది రాసి తలెత్తకుండానే, "నాయినా, కోటుకు రెండు గుండీలు ఊడినయ్. ఇంటికి పోంగనే కుట్టిస్త, రేపటికల్ల" అంది.

అంతలో ప్రెస్సు వెనుక నుంచి వాసన వచ్చింది. నాలుగు పెద్ద గిన్నెల బగార అన్నం, ఆలుగడ్డ కూర, పెరుగు. జనం కోపం ఎటు పోయిందో, వరుసల్లో కూర్చున్నారు. నేను మాత్రం కూర్చోలేదు. పొరపాటున వచ్చిన జనానికి అన్నం ఎలా ఉడికింది? విస్తళ్ల వెంట నడుస్తూ ఒక్కొక్కరిని పలకరించాను. అందరి ఇళ్లలోనూ ఈ రెండు నెలల్లో పెండ్లి ఉంది. అందరూ కార్డులు అచ్చు వేయించుకున్నది బీరప్ప దగ్గరే.

వీరమ్మ గరిటె పట్టుకుని నా పక్కకొచ్చింది. "నిన్ననే వంటోళ్లను మాట్లాడిండంట సార్. నాకు చెప్పొద్దని వాళ్లతోని ఒట్టేయించుకున్నడు."

బీరప్పను మూలకు లాగాను. "మనుషులతో పని లేదన్నావు. వీళ్ల గడపలన్నీ వెతుక్కుంటూ నువ్వే తిరిగి పంచావు కదూ?"

"నేనా? వ్యాపారం సార్! అట్ట పని చేస్తదా లేదా అని పరీక్ష. అట్ట మంచిగుంటే జనం వాళ్లంతట వాళ్లే..." అంటూ వరుసల వైపు చూశాడు. ఒక్కసారిగా ముఖం మాడిపోయింది. "అయ్యో సార్, నేను నూరు మందినే లెక్క పెట్టుకోని పిలిచిన. సుట్టాలను గూడ తోలుకొచ్చినట్టున్నరు, పెరుగు తక్కువైతది! జర మీరు పచ్చిపులుసుతోని సరిపెట్టుకోండ్రి."

పచ్చిపులుసుతోనే సరిపెట్టుకున్నాను. చాలా బాగుంది.