దాపట నిలబడ్డ మనిషి

మాసిడోనియా సైనికుల గురించి మా బావతో వాదన పెట్టుకోకపోయి ఉంటే ఆ సంగతి నాకు జన్మలో తెలిసేది కాదు. తెలిసి రెండేళ్లయింది. 

నేను కరీంనగర్‌లో చరిత్ర పాఠాలు చెబుతాను. ఎవరైనా కాదంటే ఊరుకునే రకం కాదు. బావ, అంటే మా అక్క భర్త, ఆసిఫాబాద్ మనిషి. కానిస్టేబుల్‌గా చేసి రిటైరయ్యాడు. మా తమ్ముడూ కానిస్టేబులే. చాలా ఏళ్ల కిందట ఇద్దరూ ఒకే బందోబస్తుకు వెళ్లారు. అక్కడ డాళ్లు పట్టుకుని వరసగా నిలబడ్డప్పుడు రాళ్లు పడ్డాయి. తమ్ముడికి కుడి కన్ను పోయింది.

దుడుకు మనిషి, వరస దాటి ముందుకు ఉరికి ఉంటాడని ఇంటిల్లిపాదీ తేల్చేశాం. అందరికన్నా ఎక్కువ తిట్టింది నేనే. దవాఖానలో వాడు బాపుతో ఒక్కటే మాట అన్నాడు.

"నేను బావ దాపట్నే ఉన్న బాపూ."

నాగలికి ఎడమ పక్కన కట్టే ఎద్దు దాపటెద్దు, కుడి పక్కది వలపటెద్దు. మాది సేద్యం చేసిన ఇల్లు, ఎడమ పక్కను దాపట అనే అంటాం. బావ పక్కనే ఉన్నాడు, భయపడకండి అని మాకు ధైర్యం చెబుతున్నాడనుకున్నాం. బాపు బావకు చేతులు జోడించి, "నువ్వు పక్కకుంటివి గనుక పానమన్న దక్కింది అల్లుడా" అన్నాడు. బావ తల వంచుకున్నాడు. ఎంత వినయమో అనుకున్నాను.

రెండేళ్ల కిందట ఒక ఆదివారం అందరూ మా ఇంట్లో కలిశారు. నేను మాసిడోనియా రాజు ఏరికోరి పెట్టుకున్న కాల్బలం గురించి పాఠం రాసుకుంటున్నాను. వాళ్ల పేరుకు డాలు మోసేవాళ్లు అని అర్థం. పేరు ఏదైనా, వాళ్లూ మిగతా సైన్యంలాగే ముగ్గురు మనుషుల పొడవు బల్లేన్ని రెండు చేతులా పట్టేవాళ్లనీ, చిన్న డాలును పట్టీతో మెడకు తగిలించుకునేవాళ్లనీ నా వాదన.

బావ పగలబడి నవ్వాడు. "ఏం సారువయ్యా నువ్వు! కోటగోడలెక్కేది వాళ్లే అంటవ్, గుర్రాల పక్కపొంటి ఉరికేది వాళ్లే అంటవ్. గంత పొడుగు గడ పట్టుకొని నిచ్చెన ఎట్లెక్కుతరు? పెద్ద డాలు, పొట్టి బల్లెం. గంతే."

"పుస్తకాలు చదివింది నువ్వా నేనా బావా?"

"డాలు పట్టింది నువ్వా నేనా?"

నాకు మండింది. ఒకప్పుడు రాజు డాలు మోసి ఉంటారు, ఆయుధం మారినా పేరు మిగిలి ఉంటుందన్నాను. బావ వింటేనా? వంటింట్లో ఉన్న అక్క వద్దంటున్నా అక్కణ్నుంచి రెండు పెద్ద గంజు మూతలు పట్టుకొచ్చి, ఒకటి నా ఎడమచేతికిచ్చి, నన్ను తన ఎడమ పక్కన నిలబెట్టాడు. తమ్ముడు మంచమ్మీద కూర్చుని చూస్తున్నాడు.

"జర మంచిగ చూడు. నా డాలు సగం నాకు, సగం నీకు. నీ కుడి మొకానికి నా డాలే అడ్డం. నీ డాలు నీ అవతలోనికి అడ్డం. డాలంటే సొంతానికి కాదు సారూ, దాపటోని కోసం. దాపటోనికి కుడిదిక్కు దెబ్బ తాకిందంటే తప్పు వానిది కాదు, వలపటోనిది..."

అక్కడ ఆగిపోయాడు. మూత నా మొహం ముందు అలాగే ఉంది. నేను తమ్ముడి వైపు చూశాను. వాడు నేలచూపులు చూస్తున్నాడు. కుడి కన్ను. బావ దాపట. 

బావ మూత కింద పెట్టాడు. "రాయి నా మొకం మీదికొచ్చింది," అన్నాడు మెల్లగా. "డాలు నా దిక్కు గుంజుకున్న. ఒక్క గడియ. అది వానికి తాకింది."

 ఇన్నేళ్లూ మేం దండం పెట్టింది ఎవరికి? తిట్టింది ఎవరిని? బాపు పోయేదాకా వాడితో సరిగ్గా మాట్లాడనేలేదు. బావ మీద కోపం వచ్చింది, అంతకు వెయ్యి రెట్లు నా మీద నాకే అసహ్యం వేసింది.

తమ్ముణ్ని పెరట్లోకి లాక్కెళ్లాను. "ఎందుకు చెప్పలేదురా?"

"చెప్పిన కదన్నా. దవాఖానల్నే చెప్పిన, బావ దాపట్నే ఉన్న అని. గంతకన్న ఎక్కువ చెప్తే అక్క సంసారం ఏమయితుండె?"

లోపలి నుంచి అక్క అన్నానికి పిలిచింది. ఆమెకు ఇంకా ఏమీ తెలియదు. తమ్ముడు చేతులు కడుక్కుని వెళ్లి, ఎప్పటిలాగే బావకు ఎడమ పక్కన కూర్చున్నాడు.