గోడకు అడ్డంగా బాపు

ఆ రోజుల్లో సూరత్‌లో నాకున్న భయాలన్నిటికీ పెద్దన్న ఒక గోడ. అంతకుముందు బమ్రోలి మైదానంలో వంద మీటర్లు పరుగెత్తేదాన్ని. మొదట అందరికన్నా వెనక, సగం దాటాక ఊపు, ముగింపు గీత దాటాక ఆగడం నా చేతుల్లో లేని పని. (ఓసారి పానీపూరీ బండి దాకా పోయి ఆగాను. ఆకలికి పరుగెత్తాననుకున్నారు.) మగ్గాల షెడ్డులో డ్యూటీ దిగి వచ్చి గీత దగ్గర నిలబడే మా నాన్న, బాపు, నన్ను వెతుక్కుంటూ అంత దూరమూ నడిచి వచ్చేవాడు.

అలాంటి నాకు కప్పు కింద పరుగెత్తే ఇండోర్ పోటీ వచ్చిపడింది. అక్కడ వంద ఉండదు, అరవై మీటర్లే. గీత దాటిన కాస్త దూరానికే గోడ. కోచ్ సార్ ఒక్కరినే పంపుతానన్నారు, నేనా, మేము రాకెట్ అని పిలిచే పిల్లా అని. (అది లేవడంతోనే ఎగిరిపోయేది.) తేల్చడానికి కడోదరాలో తెలిసినవాళ్ల గోదాము అడిగి, చివరి గోడకు చీరల మూటలు పేర్చారు. ఆ పోటీకి వెళ్లాలని నాకు ప్రాణం పోయేంత ఆశ. కలలో మాత్రం రోజూ గోడే నా మీదికి పరుగెత్తుకొచ్చేది.

మొదటిసారి గీత ఇంకా రాకుండానే నా కాళ్లు వాటంతటవే నెమ్మదించాయి. సార్ అరిచారు: “అరే, బ్రేక్ క్యోం మార్తీ హై? దీవార్ తుఝే ఖా జాయేగీ క్యా?” గోడేమైనా నన్ను తినేస్తుందా అని. ఇక ఒక్కసారే అవకాశమన్నారు. నా పైప్రాణాలు పైనే పోయాయి. అప్పుడు బాపు వెళ్లి మూటల ముందు చేతులు చాచి నిలబడ్డాడు. మగ్గాల మోతకు అలవాటుపడ్డ గొంతు గోదామంతా మోగింది.

“ఏందే బిడ్డా, గోడకు గంత భయమా? గోడను సూడకు, నన్ను సూడు! ఉరుకు!”

ఇప్పుడు తండ్రిని చంపుతానేమోనన్న భయం కూడా తోడైంది. అయినా ఆ చేతులనే చూస్తూ ఉరికాను, ఎక్కడా తగ్గలేదు. తీరా ఊపు అందుకునేసరికి అరవై మీటర్లూ అయిపోయాయి. రాకెట్ జానెడు ముందుంది. నేనూ, బాపూ, మూటలూ కలిసి కూలిపోయాం.

చీరల కింద నుంచి బాపు గొంతు: “గెలిచినవా?”

“లేదు బాపూ, అదే గెలిచింది,” అని భోరుమన్నాను.

మోచెయ్యి రుద్దుకుంటూ నవ్వాడు. “పోనీతీయ్. బయట గెలిచినప్పుడల్లా నన్ను దాటి యాడికో పోతవు. గీడ జర నా దగ్గర్నే ఆగినవ్.”

ఒళ్లు మండింది. కూతురు ఓడితే సంబరపడే తండ్రి లోకంలో ఉంటాడా అని రెండు రోజులు మాట్లాడలేదు. ఇప్పుడీ వయసులో బస్సు కోసం నాలుగడుగులు ఉరికితే చాలు, ఎక్కడంటే అక్కడ ఆగిపోతున్నాను. ఆగడం ఇంత తేలికని అప్పటి పిల్లకు చెబితే నమ్మదు, పడీపడీ నవ్వుతుంది.