ఐదుకు తక్కువైన గడి

విరుదునగర్‌లో ఒక కాలేజీలో సోషల్ వర్క్ చదివే పిల్లలకి నేను స్టాటిస్టిక్స్ చెబుతాను. లెక్కలంటే భయపడి ఈ చదువులో చేరిన పిల్లలకి మళ్ళీ లెక్కలే చెప్పాల్సి రావడం వాళ్ళ ఖర్మో నా ఖర్మో నాకు తెలియదు. కై-స్క్వేర్ పరీక్ష అనగానే సగం మంది మొహాలు వేలాడేస్తారు. అందుకని ఇడ్లీతో మొదలు పెడతాను. ఇడ్లీ ఇష్టమా, దోసె ఇష్టమా అని కొందరు ఆడవాళ్ళనీ కొందరు మగవాళ్ళనీ అడిగామనుకోండి. జవాబుల్లో తేడా వచ్చింది. ఆ తేడా నిజంగా ఆడామగా తేడా వల్ల వచ్చిందా, లేక ఊరికే అలా తగిలిందా? అది చూసేదే ఈ పరీక్ష అంటే నవ్వుతారు, కాస్త ధైర్యం వస్తుంది.

ఈ ఏడాది సర్వేకి మా ఊరే పంపించాను. కోవిల్‌పట్టి దాటి లోపలికి వెళితే నల్లరేగడి పొలాల మధ్య ఉంటుంది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం మాట్లాడే మనుషులం; మా తెలుగులోనూ 'మీరే' అని నొక్కి చెప్పాలంటే తమిళంలోలా 'మీరేదా' అంటాం. వేరే ఊరైతే అనుమతులూ, తిరుగుళ్ళూ, నానా తంటా. మా ఊరైతే అమ్మకి ఒక ఫోను చాలు. "మా కాలేజీ పిల్లలు వస్తారమ్మా, ఆడవాళ్ళని ఏవో ప్రశ్నలు అడుగుతారు, కాస్త మజ్జిగ ఇచ్చి చూసుకో" అన్నాను. అమ్మ ఇంకా ఎక్కువే చేసింది. మా అమ్మాయి పంపించిందని వీధంతా చెప్పి, ఆడవాళ్ళందరినీ మా వాకిట్లోకి పిలిపించి, తను మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చుందట.

ఒక్కొక్కరినీ విడిగా అడగాలని క్లాసులో గొంతు చించుకుని చెప్పినదాన్ని నేనే. కానీ మేడమ్ వాళ్ళమ్మ ఎండలో తిరగొద్దని కూర్చోబెడితే ఆ పిల్లలు మాత్రం ఏం చేస్తారు? వాకిట్లోనే అడిగారు.

ప్రశ్నల్లో ఒకటి, భర్త భార్య మీద చెయ్యి చేసుకోవడం సరేనా అని. జవాబుకి మూడు గడులు: సరే, సరి కాదు, చెప్పలేను. తర్వాతి వారం క్లాసులో పిల్లలు ఆ పట్టిక తెర మీద వేశారు. ఒకవైపు పదో తరగతి దాటినవాళ్ళు, ఇంకోవైపు దాటనివాళ్ళు. రెండు వైపులా దాదాపు అందరూ 'సరే'. కొంతమంది 'చెప్పలేను'. 'సరి కాదు' అన్నది మొత్తం ఊళ్ళో ఒక్కర్తి.

క్లాసు నవ్వి ఉంటే బాగుండేది. ఎవరూ నవ్వలేదు. అది మేడమ్ సొంత ఊరని అందరికీ తెలుసు కాబట్టి నా మొహం చూడకుండా నోటుపుస్తకాల్లోకి చూస్తూ కూర్చున్నారు. ఆ మర్యాదకి నా చెవులు కాలిపోయాయి. వీళ్ళు మా అమ్మ చేతి మజ్జిగ తాగి వచ్చారు, ఇప్పుడు మా అమ్మ గురించి ఏమనుకుంటున్నారో అన్నదే నా గోల. ఆ పట్టిక ఎంత తొందరగా తెర మీంచి పోతే అంత మేలనిపించింది.

గబగబా పాఠంలోకి దిగాను. ఈ పరీక్షలో ప్రతి గడిలోనూ ఎంతమంది ఉండొచ్చో ముందు ఒక అంచనా లెక్క కడతాం. ఆ అంచనా ఐదుకి తగ్గితే పరీక్ష ఫలితాన్ని నమ్మలేం, అలాంటప్పుడు ఆ వరసని పక్క వరసలో కలిపేయడం అలవాటు. "ఇక్కడ ఏం చెయ్యాలి? 'సరి కాదు'ని 'చెప్పలేను'లో కలిపేసి, ఇతరములు అని పేరు పెట్టండి" అన్నాను.

ముందు బెంచీలో అమ్మాయి చెయ్యెత్తింది. ఆ ప్రశ్న అడిగి రాసుకొచ్చింది తనే.

"మేడమ్, ఆవిడ చాలా గట్టిగా చెప్పారు. అందరూ తిరిగి చూశారు. చెప్పలేను అన్నవాళ్ళతో ఎలా కలుపుతాం?" అంది తమిళంలో.

"ఎంత గట్టిగా చెప్పినా ఒకటి ఒకటే" అన్నాను. క్లాసు అప్పుడు నవ్వింది. ఆ నవ్వు నాకు హాయిగా అనిపించింది కూడా.

కలిపేశారు. పరీక్ష చేశారు. చదువుకీ ఈ అభిప్రాయానికీ సంబంధం ఉందని చెప్పడానికి ఆధారం దొరకలేదని వచ్చింది. సంబంధం లేదనడం వేరు, ఆధారం దొరకలేదనడం వేరు అని మహా గంభీరంగా వివరించి, శభాష్ అని చెప్పి బయటపడ్డాను.

నిజానికి ఆ రోజు చెప్పాల్సిన మాట వేరే ఉంది. ఈ పరీక్షకి అన్నిటికన్నా ముందు కావాల్సింది ఒకరి జవాబుకీ ఇంకొకరి జవాబుకీ ముడి లేకపోవడం. అత్తలూ కోడళ్ళూ ఒకే వాకిట్లో, మా అమ్మ కుర్చీ ముందు కూర్చుని చెప్పిన జవాబులకి కై-స్క్వేర్ చేయడమే తప్పు. ఆ పట్టికని చెత్తబుట్టలో వేయాలి. అది నాకు పట్టిక చూడగానే తెలుసు. కానీ ఆ మాట ఎత్తితే అమ్మ కుర్చీ మాట ఎత్తాలి. అందుకని చిన్న లోపాన్ని సరిదిద్ది, పెద్దదాన్ని కప్పెట్టాను.

ఆదివారం ఊరికి వెళ్ళాను. ఇంట్లో తమ్ముడు లేడు, అతని భార్యా లేదు. కాఫీ అమ్మే పెట్టింది. మోకాళ్ళ నొప్పులని ఏళ్ళుగా పొయ్యి దగ్గరికే వెళ్ళని మనిషి.

"ఆ పిల్ల ఏదమ్మా?" అన్నాను.

"సాత్తూరు పోయింది, వాళ్ళమ్మ ఇంటికి. నువ్వు పంపించిన పిల్లకాయలు వచ్చినారే, ఆ పొద్దు పట్టింది ఈ గొడవ. అంత మందిలో, నా ఎదురుగా, మొగుడు కొట్టేది సరి కాదని నోరు తెరిచి చెప్పేసింది. ఇంటి మానం తీసేసింది. మాపటికి వీడికి ఎవురో చెప్పినారు. వీడు ఊరుకుంటాడా?"

కాఫీ గ్లాసు కింద పెట్టాను. ఆ ఒక్కర్తి మా ఇంటి కోడలు.

"నువ్వేం చేశావమ్మా అప్పుడు?"

"నేనేం చేసేది? లోపల ఉంటిని" అంది అమ్మ. "వచ్చే వారం పెద్దోళ్ళు కూర్చుని మాట్లాడి పిలుచుకోనొస్తారులే. నువ్వు ఇందులో తల దూర్చద్దు పాపా."

నాకేమీ తెలియదని అనుకోవడానికి లేదు. పోయిన పొంగలి పండక్కి ఆ పిల్ల మోచేతి మీద కమిలిన మచ్చ చూశాను. గ్రైండరు తగిలింది వదినె, అంది. చూసుకుని పని చేసుకో అన్నాను. అంతటితో నా బాధ్యత తీరిపోయినట్టు వడలు తిన్నాను.

తిరిగి వెళ్ళేటప్పుడు సాత్తూరులో దిగాను. వాళ్ళ ఇల్లు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ వెనక సందులో. నన్ను చూసి గబగబా కుర్చీ తెచ్చి వేసింది. ఎడమ కన్ను కింద ఇంకా నలుపు పోలేదు. నీళ్ళు ఇచ్చి, గోడకి ఆనుకుని నిలబడింది. తనే మొదలు పెట్టింది.

"మీ పిల్లకాయలు రాసుకోనొచ్చింది మీరు చూసినారా వదినె?"

"చూశాను."

"చూసినారా!" అంది. ఆ మొహంలో కోపం ఉంటే తట్టుకునేదాన్ని. ఆశ్చర్యం ఉంది. "మీరేదా అడిగిస్తా ఉండారని అనుకుంటిని. మచ్చ చూసి పోయినారు కదా, అత్త ముందర అడగలేక మనిషిని పంపించి అడిగిస్తా ఉండారని. అందుకేదా అంత మందిలో చెప్పింది. లేకపోతే నాకు అంత ధైర్యమా? ఆపైన మీరు ఫోను చేస్తారని చూస్తా ఉంటిని."

మా ఇళ్ళల్లో అంతే. కోడలు తన కష్టం ఆడబిడ్డతో నేరుగా చెప్పదు, చెబితే ఆ ఆడబిడ్డ పుట్టింటి మీదే చాడీ చెప్పినట్టు అవుతుంది. ఆడబిడ్డా నేరుగా అడగదు. ఎవరో ఒకరి చేత మాట నడుస్తుంది. అది తెలిసి కూడా ఆ ప్రశ్నతో పిల్లల్ని నా సొంత వాకిట్లోకి పంపినప్పుడు నాకు తట్టలేదు. నాకది సర్వే. ఆమెకది నేను పంపిన కబురు. జవాబు చెప్పి దెబ్బలు తిన్నది.

"నువ్వని నాకు తెలియదు" అన్నాను. "పేర్లు రాయరు."

"నేనని తెలిస్తేనేనా చూసేది వదినె?" అంది, చాలా మెల్లగా.

ఆమె జవాబుని ఏం చేశామో ఎలా చెప్పను? ఐదు, అంచనా, పక్క వరస. అవన్నీ ఏ క్లాసుకైనా తడుముకోకుండా చెప్పగలను. ఆ సందులో, ఆ కమిలిన కన్ను ముందు అవి పనికొచ్చే మాటలు కావు.

"పెద్దలు కూర్చునేటప్పుడు నేను వస్తాను" అన్నాను చివరికి. "వాడు చేసింది తప్పని చెబుతాను."

"ఆయన ముందర?"

"వాడి ముందరే."

నా చేతిలోని నీళ్ళ గ్లాసు అందుకుంది.

"అత్త ముందర?"

వెంటనే అవుననాలి. అందామనే నోరు తెరిచాను. వాకిలి మధ్యలో కుర్చీ, అందులో అమ్మ, చుట్టూ వీధిలో ఆడవాళ్ళందరూ కళ్ళ ముందు నిలిచారు. మాట రావడానికి ఒక్క క్షణం పట్టింది. అవుననే అన్నాను. కానీ ఆ క్షణాన్ని ఆమె చూసింది. నన్ను ఇంకేమీ అడగకుండా, కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.