ఆపకూడని కారు

బైరాగి తన కారు మీద రూపాయి ఖర్చుపెట్టడని, కానీ దాన్ని ఎవరైనా ఒక మాటంటే పడడని సంతబొమ్మాళి వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. సొంత మేనకోడలి పెళ్ళిలో ఒక్క పరాచికానికి అలిగి, మెతుకు ముట్టకుండా పోయాడట.

ఇద్దరు వాడి వదిలేశాక పలాసలో బైరాగి చేతికొచ్చిన కారది. ఉప్పుగాలికి తలుపుల అడుగున తుప్పు పట్టి చిల్లులు పడ్డాయి. ఒకటి బాగుచేయిస్తే ఇంకొకటి ఊడేది. పెళ్ళినాటికి సెల్ఫ్ పూర్తిగా పోయింది. తాళం తిప్పితే టక్కుమని ఊరుకునేది. నలుగురు తోస్తేనే ఇంజను అందుకునేది. అందుకని ఎక్కడికెళ్ళినా పల్లం చూసి నిలిపేవాడు. పల్లం దొరక్కపోతే ఇంజను ఆపేవాడే కాదు.

ఈ సంగతి ఎవరికీ తెలియనివ్వలేదు. ఉద్దానంలో కాసులమ్మ అనే ముసలావిడకి కిడ్నీలు పాడయ్యాయి. ఆమెను డయాలసిస్‌కి పలాస తీసుకెళ్ళి తెచ్చే బాడుగే బైరాగి ఇంటికి ఆధారం. తోస్తేగాని కదలని కారని తెలిస్తే ఆమె కొడుకు ఇంకో బండి చూసుకుంటాడు.

పెళ్ళి ముహూర్తం పొద్దున్నే పడింది. మధ్యాహ్నం కాసులమ్మను ఎక్కించుకోవాలి. పందిరి బయట అంతా చదును నేల. బైరాగి ఇంజను ఆపకుండా కారులోనే కూర్చున్నాడు.

“దిగవేటి అన్నియ్యా? ఏసీ గాలి అలవాటైపోనాదేటి?” అంది చెల్లెలు జయశ్రీ.

ఏసీ ఏనాడో పోయింది.

అంతలో మేనమామ రావాలని లోపలినుంచి కేక. పెళ్ళికూతురిని బుట్టలో మోసుకొచ్చేది మేనమామే కదా, ఇక దిగక తప్పలేదు. ఇంజనును అలాగే వదిలి వెళ్ళి బుట్ట పట్టాడు.

“మావా, ఎటు సూత్తన్నావు? పడేత్తావా నన్ను?” అంది పావని బుట్టలోంచి.

“నువ్వు కదలకుండా కూకో,” అన్నాడు. చెవి మాత్రం బయటే ఉంది. పిల్లను పీటల దగ్గర దించేసరికి ఇంజను చప్పుడు ఆగిపోయింది.

జయశ్రీ భర్త ధనరాజు ఎదురొచ్చి తాళం చేతిలో పెట్టాడు. “బండాపడం మర్సిపోనావేటి బావా? పెట్రోలు ఊరికే వత్తందా? నేనాపీసినాను.”

మేలు చేసినవాడి ముఖం. కోప్పడడానికి కూడా వీల్లేదు.

తలంబ్రాలు అయ్యేదాకా ఎలాగో కూర్చున్నాడు. తర్వాత కారులోకి వెళ్ళి తాళం తిప్పాడు. టక్. మళ్ళీ తిప్పాడు. టక్. అవతల విస్తళ్ళు పరుస్తున్నారు. జనం బంతిలో కూర్చుంటే తోసేవాళ్ళుండరు. నేల చూస్తూ ధనరాజు దగ్గరికి వెళ్ళాడు.

“ఓపాలి తొయ్యాల బావా.”

“ఏటి?”

“కారు. తొయ్యాల.”

కొత్త పంచెలు ఎగ్గట్టి మగాళ్ళు వెనక చేరారు. “పిల్లకే బుట్టనుకున్నాం. మావ కారుక్కూడా ఓ బుట్ట తెండర్రా!” అన్నారెవరో. పందిట్లో ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. చెల్లెలు నవ్వలేదు. అత్తవారి ముందు తల దించుకుంది. అది చూశాక బైరాగికి ఇంకెటూ చూడబుద్ధి కాలేదు.

ఇంజను అందుకుంది. “తినేసి ఎల్లు బావా!” అని ధనరాజు అరుస్తూనే ఉన్నాడు. ఆపితే మళ్ళీ తోయించుకోవాలి. అద్దంలోకైనా చూడకుండా పోయాడు. టెక్కలి దాటినా చెవులు మండుతూనే ఉన్నాయి.

కాసులమ్మ సంచి ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. బైరాగి ఇంజను ఆపకుండానే దిగి తలుపు తీశాడు.

“పెళ్ళిలో తిన్నావా బాబూ?”

“తిన్నానమ్మా.”

ఆమె మెల్లగా ఎక్కి కూర్చుంది. కారు పలాస వైపు తిరిగింది.

సెల్ఫ్ కోసం కూడబెట్టిన డబ్బుతో పెళ్ళికి ముందు నెలలోనే బైరాగి ఆ కారుకి కొత్త బ్రేకులు వేయించాడు.