వీరభద్ర కుడిచెయ్యి

విజయనగర రాజుల దండయాత్రల గురించి రాసినవాళ్ళున్నారు. కర్నూలు నవాబుల గురించి, కుంఫిణీ దొరల జమాబందీల గురించి రాసినవాళ్ళూ ఉన్నారు. కోయిలకుంట్ల రోడ్డు మీద ముప్పై ఏళ్ళకు పైగా నిరాటంకంగా సాగిన వీరభద్ర కుడిచేతి వ్యవహారాన్ని మాత్రం ఏ చరిత్రకారుడూ పట్టించుకోలేదు. శాసనాలు లేవు, తామ్రపత్రాలు లేవు. ఉన్నదల్లా చూసినవాళ్ళ జ్ఞాపకం. వాళ్ళు బతికుండగానే రాసిపెట్టడం మంచిది.

వ్యవహారం ఇది. బండి తోలుతూ పోయేటప్పుడు తెలిసిన మనిషి ఎదురైతే వీరభద్ర చెయ్యెత్తుతాడు.

ఇందులో వింతేముందని అనుకోకూడదు. దానికొక రాజ్యాంగం ఉంది. ముఖపరిచయం మాత్రమే ఉన్నవాడికి స్టీరింగు మీదినుంచి చూపుడువేలు లేస్తుంది. ఆయన ఎరువుల అంగటికి వచ్చిపోయే రైతుకు నాలుగు వేళ్ళు లేస్తాయి. వయసులో పెద్దవాళ్ళకు చెయ్యంతా లేచి, దానికి తోడు మెడ కాస్త వంగుతుంది. శ్రీశైలం నడిచిపోయే భక్తులు కనిపిస్తే, తెలిసినా తెలియకున్నా, చెయ్యి గుండెల మీదికి పోతుంది. ఇక పెద్దన్న ఒక్కడికి మాత్రం ఆ చెయ్యి మోచేతి దాకా జీపు బయటికి వచ్చి, ఆకాశంలోకి లేచి, కాసేపు అక్కడే నిలబడుతుంది.

పెద్దన్న వీరభద్రకు చిన్ననాటి నుంచీ స్నేహితుడు. ఊరి చర్చిలో పెద్దమనిషి. కొద్దిపాటి నల్లరేగడిలో శనగ వేస్తాడు, పొద్దున్నే బస్సు షెల్టరు ముందున్న నాపబండ మీద కూర్చుంటాడు. జీపులోంచి చెయ్యి లేవగానే ఆయన భుజమ్మీది తువ్వాలు తీసి ఒక్కసారి విదిలిస్తాడు. రెండు రాజ్యాల మధ్య సంధి అంటే అంతకంటే ఏముంటుంది? ఏ రోజుకారోజు కొత్తగా సంతకమయ్యేది.

ఆ జీపు కూడా సామాన్యమైనది కాదు. వీరభద్ర తండ్రి కొన్నది. తలుపుల్లేవు, అద్దాల్లో మిగిలింది ముందుదొక్కటే. పెద్దన్న పెండ్లిలో పెండ్లికూతురు వరమ్మను చర్చికి తీసుకుపోయింది ఆ జీపే. తర్వాత వాళ్ళ పెద్ద కూతుళ్ళిద్దరినీ తీసుకుపోయిందీ అదే. మూడుసార్లూ తోలింది వీరభద్రే. ఆ ఇంటి పెండ్లికూతురు చర్చి గడప దగ్గర దిగాలంటే వీరభద్ర బండిలోంచి దిగాలనేది ఎవరూ కాగితం మీద పెట్టని కట్టుబాటు. ఇక మిగిలింది చిన్నది మహిమ.

జీపు ఒకరోజు ఆళ్ళగడ్డ దారిలో నిలబడిపోయి, ఇక కదలనని తేల్చి చెప్పింది. వీరభద్ర కరెంటు కారు కొన్నాడు. తెల్లటి కారు, లోపల పలక కంటే పెద్ద తెర, నొక్కడానికి ఒక్క మీటైనా లేదు. అన్నీ ఆ తెర మీదే. కొన్నరోజే, పూజకంటే ముందు, ఆయన భార్య సుబ్బరత్నమ్మ ఎండ తగలకుండా అద్దాలకు ఫిల్ము వేయించింది. సీమ ఎండ సంగతి ఆమెకు కంపెనీవాళ్ళకంటే బాగా తెలుసు. తర్వాత నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ పగలగొట్టి, ఇద్దరూ ఊళ్ళోకి బయలుదేరారు.

చప్పుడు లేదు. కారు నీళ్ళ మీద తెప్పలా పోతోంది. ఎదురుగా అంగటి రైతు ఒకాయన కనిపించాడు. నాలుగు వేళ్ళు లేచాయి.

"దయచేసి చేతులు స్టీరింగుపై ఉంచండి," అంది ఒక ఆడగొంతు.

"ఎవరు మాట్లాడింది?" అన్నాడు వీరభద్ర.

"నేనైతే కాదు," అంది సుబ్బరత్నమ్మ. "నేను చెప్తే నువ్వు యానాడన్నా విన్న్యావా?"

ఇంతలో ఒక పెద్దాయన ఎదురయ్యాడు. చెయ్యంతా లేచింది, మెడ వంగింది.

"మీ దృష్టి రహదారిపై లేదు," అంది గొంతు. పాఠ్యపుస్తకం చదివినట్టు అక్షరం అక్షరం విడివిడిగా పలికింది.

"ఉండాది లేమ్మా, ఉండాది," అన్నాడు వీరభద్ర.

ఆయన జవాబు చెప్పడానికి తెర వైపు తిరగడంతో కారుకు అనుమానం బలపడింది. తెర మీద కాఫీ కప్పు బొమ్మ వెలిగింది. "మీరు అలసిపోయినట్లు కనిపిస్తున్నారు. కొంతసేపు విశ్రాంతి తీసుకోండి."

"ఎవురికే అలుపు? ఇంట్లోనించి ఇప్పుడే గదా వస్తిమి!"

"కాఫీ తాగమంటాండాది," అంది సుబ్బరత్నమ్మ తెరలోకి వంగి. "అంత మర్యాద తెలిసినదైతే గ్లాసు గూడా ఇయ్యమను."

అదే సమయానికి ఎదురుగా ఇద్దరు ముగ్గురు పరిచయస్థులు గుంపుగా వచ్చారు. వేళ్ళు, చెయ్యి, మెడ అన్నీ ఒక్కసారే కదిలాయి. కారు ఇక వీరభద్ర మీద ఆశ వదులుకుంది. తానే మెల్లగా వేగం తగ్గించుకుని, నాలుగు మూలలా లైట్లు ఆర్పుతూ వెలిగిస్తూ, రోడ్డు మధ్యలో నిలబడింది. వెనకనుంచి నంద్యాల బస్సు హారన్ మొదలుపెట్టింది.

ఆ రోజు నుంచి వీరభద్ర కుడిచెయ్యి నిర్బంధంలో పడింది. రెండు చేతులూ స్టీరింగుకు అంటుకుని, మెడ బిగించి, ఆధార్ ఫోటోకు కూర్చున్నవాడిలా చూస్తూ కారు తోలాడు. పెద్దన్న కూర్చున్న నాపబండ ముందు నుంచి కూడా అట్లాగే పోయాడు. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు. ప్రతిసారీ వీరభద్ర నవ్వైతే నవ్వాడు. పెద్దన్న తువ్వాలు మాత్రం లేవలేదు.

కొన్నాళ్ళకు వరమ్మ పెండ్లి కార్డు తీసుకుని అంగటికి వచ్చింది.

"మహిమ పెండ్లి బేస్తవారం అన్నా. నువ్వూ వదినా ముందుగాల్నే రావల్ల."

"రావల్ల అంటావేంది తల్లీ, బండి నాదే గదా! ఇంటికాడికి ఎన్ని గంటలకు రావల్లనో చెప్పు."

వరమ్మ యూరియా బస్తాల వైపు చూసింది. "మా ఆయప్ప నంద్యాల నించి కారు మాట్లాడినాడన్నా."

వీరభద్ర చేతిలో కార్డు కిందికి దిగింది. "ఎందుకు?"

"కారు కొన్యాక వీరభద్రకు మనం కనపడతామా అంటాడు. బండ ముందరే పోతివంట. శానా తూర్లు పోతివంట. చెయ్యెత్తల్యాదంట."

"ఎత్తకపోవడమేంది? నన్ను ఎత్తనిస్తే గదా!"

"ఎవురు ఎత్తనీయనిది? వదినా?"

"కారు."

వరమ్మ ఆయన్ను జాలిగా చూసింది. "చెయ్యి నీదా, కారుదా అన్నా?"

ఆ రాత్రి వీరభద్రకు అన్నం సయించలేదు. నంద్యాల కారులో, ఎవడో బాడుగ డ్రైవరు పక్కన పెద్దన్న కూర్చుని, మహిమను చర్చికి తీసుకుపోతున్న దృశ్యం కంచంలో కనిపించింది. తెల్లవారగానే కర్నూలు బయలుదేరాడు.

షోరూములో క్రాంతి కుమార్ అనే ఇంజనీరు లాప్‌టాపు తీగను కారుకు తగిలించి, నాడి చూసే వైద్యుడిలా తల పంకించాడు.

"అది సేఫ్టీ ఫీచర్ సార్. లోపల చిన్న కెమెరా మీ కండ్లనే చూస్తా ఉంటాది."

"నా కండ్లతో దానికేం పని? ముప్పై ఏండ్లు చెయ్యెత్తుకుంటానే బండి తోలినా నేను. ఒక్క కోడి గూడా చావల్యా."

"ఆ సంగతి కారుకు తెలీదు గదా సార్."

"నేను చెప్తాండా గదా. నువ్వు చెప్పు దానికి."

క్రాంతి కుమార్ నవ్వు ఆపుకున్నాడు. కొత్త అప్‌డేటు వచ్చిందని, అది వేస్తే కారు కొంచెం శాంతిస్తుందేమోనని అన్నాడు. అప్‌డేటు మొదలైంది. తెర నల్లబడింది, ఒక సున్నా గిర్రున తిరగసాగింది. తలుపులు తీయకూడదు, ఏమీ ముట్టుకోకూడదు అన్నారు. ఆపరేషన్ థియేటరు బయట కూర్చున్న చుట్టంలా వీరభద్ర షోరూము సోఫాలో కూర్చుని నీళ్ళు తాగాడు, టీ తాగాడు, గోడమీది కార్ల బొమ్మలన్నీ చూశాడు. చివరికి తెర వెలిగింది.

"నమస్కారం వీరభద్ర గారూ," అంది కారు.

"ఓహో! ఇది నాకు నమస్కారం పెట్టచ్చు. నేను మా ఊరోళ్ళకు పెట్టగూడదు!"

ఎక్కి షోరూము చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, వాచ్‌మన్‌కు చూపుడువేలు ఎత్తి చూశాడు. చేతులు స్టీరింగుపై ఉంచమంది. అప్‌డేటుతో వచ్చిన మార్పు ఏమిటంటే ఇదివరకు చెయ్యి లేచాక గద్దించేది, ఇప్పుడు లేవబోతుండగానే గద్దిస్తోంది. అదిగాక ఏసీ గుర్తు ఉన్నచోటినుంచి మాయమైంది. అది ఎక్కడికి పోయిందో క్రాంతి కుమార్ కూడా వెదకవలసి వచ్చింది.

"ఆ గద్దించేదాన్ని ఆఫ్ చెయ్యచ్చు సార్," అన్నాడతను. తెరలో ఒక పేజీ తెరిచి, దాని లోపల ఇంకొకటి, దాని లోపల ఇంకొకటి తెరిచి, ఒక చిన్న నీలం చుక్కను పక్కకు జరిపాడు. "కానీ బండి నిలిపి మళ్ళా స్టార్ట్ చేస్తే మళ్ళా ఆన్ అవుతాది. ప్రతి తూరీ మీరే చేసుకోవల్ల. కంపెనీ రూలు."

వీరభద్ర ఆ దారిని బాట గుర్తుపెట్టుకున్నట్టు గుర్తుపెట్టుకున్నాడు. దిగబోయే ముందు క్రాంతి కుమార్ మొహమాటంగా అడిగాడు. "సార్, ఏమనుకోకుంటే... అసలు చెయ్యెందుకు ఎత్తడం?"

"మనుషులు ఉండారు గదప్పా," అన్నాడు వీరభద్ర.

క్రాంతి కుమార్ లాప్‌టాపు మూశాడు.

తిరుగు ప్రయాణంలో నీలం చుక్క పక్కకు జరిగింది, కుడిచెయ్యి విడుదలైంది. బనగానపల్లె దాటినప్పటి నుంచి తెలిసినవాడికీ తెలియనివాడికీ లేచింది. కారు కిక్కురుమనలేదు. ఊరి మలుపులో నాపబండ మీద పెద్దన్న కూర్చుని ఉన్నాడు. వీరభద్ర చెయ్యి లేపిన ఊపుకు మెటికలు కారు పైకప్పుకు తగిలి టంగుమన్నాయి.

పెద్దన్న కారును చూశాడు. చూసి, మొహం శనగచేను వైపు తిప్పుకున్నాడు.

వీరభద్ర బ్రేకు మీద కాలేశాడు. కారు ఆపి దిగాడు.

"ఏమప్పా పెద్దన్నా, చెయ్యెత్తితే పలకవా?"

"ఎత్తినోనికి పలుకుతా."

"ఇప్పుడు ఎత్తితి గదా!"

"అబద్ధాలు గూడా నేర్పుతాదా ఆ కారు?"

"ఎక్కు."

"నేనెందుకు ఎక్కుతా? నాకు నంద్యాల కారు వస్తాండాది."

"అది వచ్చేలోగా దీంట్లోకి ఎక్కు. నా తప్పుంటే రేపట్నుంచి నా మొగం చూడాకు."

పెద్దన్న తువ్వాలుతో సీటు దులిపి మరీ ఎక్కాడు. కారు మళ్ళీ స్టార్టయింది కనుక, కంపెనీ రూలు ప్రకారం, నీలం చుక్క తన స్థానానికి వచ్చేసింది. వీరభద్ర జీవితంలో మొదటిసారి ఆ రూలుకు సంతోషించాడు. కొంచెం దూరం పోనిచ్చి, పక్కనే కూర్చున్న పెద్దన్నకు చెయ్యెత్తాడు.

"దయచేసి చేతులు స్టీరింగుపై ఉంచండి."

పెద్దన్న ఉలిక్కిపడి వెనకసీట్లోకి చూశాడు. "ఎవురప్పా ఆ యమ్మ?"

"చూస్తా ఉండు."

మళ్ళీ ఎత్తాడు. దృష్టి లేదంది. మళ్ళీ ఎత్తాడు. కాఫీ కప్పు వెలిగింది. వదలకుండా ఎత్తాడు. కారు లైట్లు ఆర్పుతూ వెలిగిస్తూ మెల్లగా రోడ్డు మధ్యలో నిలబడిపోయింది. పెద్దన్నకు నవ్వు భుజాల దగ్గర మొదలై కడుపులోకి దిగింది. తువ్వాలుతో కండ్లు తుడుచుకుంటూ తెర వైపు వంగాడు.

"ఓ యమ్మా, మా వాడు నాకు చెయ్యెత్తినాడు. అందులో నీకేం నష్టం వచ్చింది?" అని, వీరభద్ర వైపు తిరిగాడు. "ఇన్నేండ్లు సుబ్బరత్నమ్మ చేయలేని పని ఇది చేసిందే! నిన్ను కుదురుగా కూర్చోబెట్టింది."

"నవ్వు, నవ్వు. నా బాధ నీకేం తెలుసు?"

నవ్వడం అయ్యాక పెద్దన్న తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు.

"నంద్యాలోనికి వద్దని చెప్తాలే," అన్నాడు. "బేస్తవారం పొద్దున్నే రా. కానీ ఒక్క మాట. వీధి వీధంతా చెయ్యెత్తుకుంటా పోవల్ల. జీపులో పోయినట్టే పోవల్ల. మా బిడ్డను తీసుకపోయేది మా వీరభద్ర అని అందరికీ తెలియల్ల."

"ఎత్తుతా. మూడు పేజీలు లోపలికి పోయి, దాని నోరు మూసి మరీ ఎత్తుతా."

బేస్తవారం వచ్చింది. కారుకు పూలు కట్టారు. వెనకసీట్లో తెల్లచీరలో, తల మీద ముసుగుతో మహిమ, పక్కన వరమ్మ. ముందు సీట్లో ఇస్త్రీ తువ్వాలుతో పెద్దన్న. వీరభద్ర నీలం చుక్కను పక్కకు జరిపి, జరిగిందో లేదో పెద్దన్నకు కూడా చూపించి, కారు కదిలించాడు. ముందు బ్యాండు, వెనక బంధువులు, వీధికి రెండువైపులా ఊరు.

కుడిచెయ్యి లేచింది. ఒక వేలు, నాలుగు వేళ్ళు, చెయ్యంతా, మెడతో సహా. రాజ్యాంగంలోని అధికరణాలన్నీ ఆ పొద్దు ఒక్క వీధిలో అమలయ్యాయి. జీపు కాలంలో సైతం ఆ చెయ్యి అంత వైభవంగా లేవలేదు. కారు నోరెత్తలేదు.

ఊరు కూడా నోరెత్తలేదు. ఒక్క చెయ్యీ తిరిగి లేవలేదు. అందరూ కారునే చూస్తున్నారు, పిల్లలు దగ్గరికి పరుగెత్తుకొచ్చి అద్దాలకు మొహాలు ఆనిస్తున్నారు, ఎవరూ పలకరించడం లేదు. ఒక అవ్వ కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, తల అడ్డంగా ఊపి ఊరుకుంది.

"మామా, నన్నెవురూ చూడల్యా," అంది మహిమ వెనకనుంచి.

"కోపం ఇంకా తగ్గల్యా వాళ్ళకు," అన్నాడు వీరభద్ర. ఎత్తీ ఎత్తీ భుజం లాగుతోంది. "నాలుగు దినాలు చెయ్యెత్తకపోతే ఇంత పగనా?"

"నువ్వు ఎత్తుతానే ఉండు. దిగినాంక నేను అడుగుతా ఒక్కొక్కర్నీ," అన్నాడు పెద్దన్న పళ్ళు కొరుకుతూ.

చర్చి ముందు కారు ఆగింది. పెద్దన్న తువ్వాలు భుజాన వేసుకుని, ఊరిని నిలదీయడానికి దిగి, తలుపు మూసి, జనం వైపు రెండడుగులు వేశాడు. వీరభద్ర చెయ్యి ఎత్తే ఉంచాడో లేదో చూద్దామని వెనక్కి తిరిగాడు. తిరిగి, అట్లాగే నిలబడిపోయాడు. నెమ్మదిగా కారు దగ్గరికి వచ్చి, వీరభద్ర వైపు అద్దానికి రెండు అరచేతులూ అడ్డం పెట్టి లోపలికి చూశాడు. తర్వాత అద్దం మీద తట్టాడు.

అద్దం కిందికి దిగింది. లోపల వీరభద్ర చెయ్యి ఎత్తే ఉంది.

"ఏమప్పా, ఇంతసేపూ ఇట్లే ఎత్తుకుంటా వస్తివా?"

"వస్తి. నువ్వు పక్కనే ఉంటివి గదా!"

పెద్దన్న నెత్తి కొట్టుకున్నాడు. వెనక అద్దం కూడా దించమన్నాడు. మహిమ కనిపించగానే వీధంతా ఒక్కసారి కేక పెట్టింది. వీరభద్ర చెయ్యి మోచేతి దాకా బయటికి వచ్చి ఆకాశంలోకి లేచింది. పెద్దన్న భుజమ్మీది తువ్వాలు తీసి ఒక్కసారి విదిలించాడు.

కారు అద్దాలకు వేసింది నల్ల ఫిల్ము. ముందు అద్దానికి కూడా వేశారు. కొన్నరోజు నుంచీ బయటివాళ్ళకు లోపల ఏమీ కనపడదు.