మెతుకు పెట్టలేదండి

మా ఎదురింటి ప్రిస్కిల్లాకి భయపడటం రెండో ఉద్యోగం. మొదటి ఉద్యోగం మిషను బోర్డింగులో వంట. నిడదవోలు స్టేషన్లో రైలు లేటయిందని తెలిస్తే, అందులో తనవాళ్లెవరూ లేకపోయినా, గుమ్మంలోకొచ్చి నిలబడుతుంది. మబ్బు పడితే భయం, ఎండ కాస్తే భయం. బోర్డింగు పిల్లలందరికీ పెద్ద పెద్ద గిన్నెల్లో నిబ్బరంగా వండి వార్చే మనిషి, ఇంటికొచ్చి ఒక్క కూతురికి వడ్డించేటప్పుడు మాత్రం గరిటె గరిటెకీ దాని మొహం చూస్తుంది. నాకు ఆవిడంటే ఇష్టమే. విసుగు కూడా ఉంది, దాచుకోను.

కూతురి పేరు ఆశాజ్యోతి. నెలలు నిండకుండా పుట్టింది. పాలు పడేవి కావట. పలచటి గంజి ఉగ్గుగిన్నెతో పోసి పోసి నిలబెట్టుకున్నానని ప్రిస్కిల్లా ఇప్పటికీ చెబుతుంది. భర్త పోయాక ఇంట్లో ఇద్దరే. ఆ పిట్టంత పిల్ల ఇవాళ తన ఒంటి బరువుకి రెట్టింపు ఇనుముని నేల మీంచి లేపుతోంది. దాన్ని పవర్‌లిఫ్టింగ్ అంటారు. స్టేషన్ రోడ్డులో యుగంధర్ గారి జిమ్‌లో నేర్చుకుంది.

జ్యోతిది యాభై ఏడు కిలోల విభాగం. పోటీ రోజు పొద్దున్న తూకంలో ఆ అంకె దాటితే పై విభాగంలోకి తోసేస్తారు. అక్కడున్నవాళ్లు తనకంటే బలమైనవాళ్లు. జూనియర్లలో ఆడటానికి ఇదే ఆఖరి ఏడు. రాజమండ్రి పోటీలో గెలిస్తే రాష్ట్ర జట్టు, గెలవకపోతే ఏదో బట్టలకొట్లో కౌంటరు. తల్లీకూతుళ్లిద్దరికీ ఆ సంగతి తెలుసు.

బరువు తగ్గాలి, బలం తగ్గకూడదు. అందుకని యుగంధర్ ఒక పద్ధతి పెట్టాడు. పెద్ద బరువులెత్తే రోజుల్లో అన్నం, చిలగడదుంపలు, చక్రకేళీలు కడుపునిండా తినాలి. మిగతా రోజుల్లో వాటి జోలికి పోకూడదు. గుడ్లు, చేపలు, కోడిమాంసం, ఆకుకూరలు, మజ్జిగ. జ్యోతి వాటిని హై డే, లో డే అనేది. ప్రిస్కిల్లా మాత్రం అన్నం రోజు, పస్తు రోజు అనేది. విస్తరి నిండా కొర్రమీను ముక్కలున్నా సరే, అన్నం లేకపోతే ఆవిడ లెక్కలో అది పస్తే.

పైగా ఆదివారం లో డే అయింది. జిమ్‌కి సెలవు మరి. చర్చి నుంచి వచ్చాక వీధి వీధంతా మసాలా వాసన కొడుతుంటే జ్యోతి ఉడకబెట్టిన గుడ్లు ఒలుచుకునేది. పక్కింటి జ్ఞానమ్మగారు ఊరుకునే రకం కాదు. "ఆదివారం పూట అన్నం లేని ఇల్లేంటమ్మా, పిల్లకి ఏమైనా జబ్బా?" అని అడిగేసింది. ఆ మాటతో ప్రిస్కిల్లాకి రెండు రాత్రులు నిద్ర లేదు.

"టీచరుగారండి, ఇది చచ్చిపోదు కదండీ?" అని నన్నడిగింది.

"గేదెలా ఉంది నీ కూతురు. నువ్వే పోయేలా ఉన్నావు," అన్నాను.

తల్లి చూపులు భరించలేక ఒకరోజు కుటుంబ ప్రార్థన దగ్గర జ్యోతి మాట తీసుకుంది. "పస్తు రోజుల్లో నాకు అన్నం మెతుకు పెట్టనని దేవుడి ముందు చెప్పమ్మా." ప్రిస్కిల్లా కళ్లు మూసుకుని చెప్పింది. మెతుకు పెట్టనంది.

ఆ తరవాత ఏమైందో అర్థం కాని సంగతి. మొదట్లో చక్కగా దిగిన బరువు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఆగి, మెల్లగా పైకి పాకింది. యుగంధర్ తూకం మిషను మార్చి చూశాడు. చివరికి జ్యోతిని పక్కకి పిలిచి, లో డేల్లో బయటేమైనా తింటున్నావా అని అడిగాడు. ఉన్నమాటంటే ఉలుకంటారు గానీ, లేనిమాటంటే వచ్చే ఏడుపు ఇంకా పెద్దది. ఆ పిల్ల ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని ఏడ్చింది. ఇక అన్నం రోజుల్లో కూడా అన్నం సగానికి తగ్గించేసింది. తరవాత దుంపలు మానేసింది. బుగ్గలు లోపలికి పోయాయి. మెట్లెక్కితే గోడ పట్టుకునేది.

పోటీ దగ్గర పడుతుండగా, పెద్ద బరువు భుజాలమీద పెట్టుకుని కూర్చుని లేచే దగ్గర జ్యోతికి కళ్లు తిరిగాయి. వెనకున్నవాళ్లు ఇనుప బారు పట్టుకోబట్టి నడుం నిలిచింది. జిమ్ నుంచి ఫోనొచ్చింది. ఒంటరిగా వెళ్లడానికి భయమేసి ప్రిస్కిల్లా నన్ను లాక్కుపోయింది. దారిపొడుగునా నా చెయ్యి వదల్లేదు.

జ్యోతి బల్లమీద వెల్లకిలా పడుకుని ఉంది. యుగంధర్ మాకు కుర్చీలు వేశాడు.

"అమ్మా, తిట్టడానికి పిలవలేదండి. లో డేల్లో మీరు ఏం పెడుతున్నారో ఒకసారి చెప్పండి."

"కోడిగుడ్లండి. చేపల పులుసండి. మునగాకు చారండి. మజ్జిగండి." మజ్జిగ దగ్గర ఆగింది.

"మజ్జిగలో ఏమైనా కలుపుతున్నారా?"

ప్రిస్కిల్లా కూతురి వైపు చూడలేదు. నా వైపు చూసింది.

"మెతుకు పెట్టలేదండి. దేవుడి ముందు మాటిచ్చానండి. మెతుకు పెట్టలేదు. గంజి పోశానండి, అంతే."

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈ అమ్మ అడక్కుండానే పోసింది. బోర్డింగులో అన్నం వార్చిన చిక్కటి గంజి క్యారేజీలో తెచ్చి, మజ్జిగలో, పులుసులో, చారులో, కుదిరితే కోడికూరలో కూడా పోసింది. పిల్ల నీరసపడేకొద్దీ ఇంకో గరిటె ఎక్కువ పోసింది. తల్లి పోసేకొద్దీ బరువు పెరిగింది, బరువు పెరిగేకొద్దీ కూతురు తిండి తగ్గించింది. నాకు ఒళ్లు మండిపోయింది. అంతలోనే, గంజి అన్నం కాదని మా అమ్మ కూడా అనేదని గుర్తొచ్చింది. జ్వరం వచ్చినవాళ్లకి అన్నం పెట్టకూడదని గంజి పోసే ఊళ్లు మావి. దాన్ని అన్నంలో ఎవరు జమకట్టారు?

"అన్నంలో ఉన్న పిండే గంజిలోనూ ఉంటుందమ్మా," అన్నాడు యుగంధర్ మెల్లగా. "అది ఒంట్లో నీటిని పట్టుకుని కూర్చుంటుంది. కాటా మీద కనిపించింది అదే."

జ్యోతి లేచి కూర్చుంది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "నేను దొంగతిండి తింటున్నానని సార్ అనుకున్నారమ్మా. నెలరోజులుగా నేనూ నా ఒంటినే తిట్టుకుంటున్నాను," అంది. అంతే అంది. చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు ఒక కరెంటు స్టవ్వు కొని తెచ్చుకుని తన గదిలో పెట్టుకుంది. గుడ్లు తనే ఉడకబెట్టుకుంది, చేప తనే కాల్చుకుంది, అన్నం రోజున అన్నం తనే కొలిచి వండుకుంది. తల్లితో మామూలుగానే మాట్లాడేది గానీ, తల్లి చేతి నీళ్లు కూడా తాగేది కాదు. ప్రిస్కిల్లా వంటింట్లో పొయ్యి వెలిగించుకుని ఊరికే నిలబడేది. బరువు మాత్రం దిగింది. దిగుతోందని యుగంధర్ ఫోన్ చేసి చెబితే సంతోషపడాలో ఏడవాలో ఆవిడకి తెలియలేదు. నాకూ తెలియలేదు.

పోటీ రోజు రమ్మని జ్యోతి పిలవలేదు. వద్దనీ అనలేదు. తెల్లారకట్లే వండుకుని, క్యారేజీ ఒళ్లో పెట్టుకుని, నన్ను వెంటేసుకుని ప్రిస్కిల్లా రైలెక్కింది. కొవ్వూరు వంతెన మీద రైలు ఆగితే, ఇక తూకం అయిపోయిందనీ, పిల్ల ఓడిపోయిందనీ, తన వల్లేననీ వరసగా చెప్పుకుపోయింది. నోరు ముయ్యమన్నాను.

మేం వెళ్లేసరికి జ్యోతి తూకం గదిలో ఉంది. తలుపు వేసి ఉంది. ప్రిస్కిల్లా గోడకానుకుని పెదాలు కదుపుతూ నిలబడింది. తలుపు తెరుచుకుంది. జ్యోతి బయటికొచ్చి యుగంధర్‌తో "యాభై ఏడు లోపలే ఉన్నాను సార్, యాభై ఆరు పాయింట్ ఎనిమిది," అంది. తూకం అయ్యాక బరువులెత్తేలోపు అన్నం తినాలి. తిన్నదే బలం. యుగంధర్ అరటిపళ్ల సంచి విప్పుతున్నాడు.

ప్రిస్కిల్లా క్యారేజీ చాపింది.

జ్యోతి మూత తీసి చూసింది. "ఇందులో ఏం వేశావమ్మా?" అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. పుట్టి ఇన్నేళ్లలో ఆ పిల్ల తల్లి చేతి కూడు ముందు ఆ ప్రశ్న వేయడం నేను వినలేదు.

"అన్నం. కందిపప్పు. ఉప్పు. చిటికెడు పసుపు," అని ప్రిస్కిల్లా ఒక్కొక్కటీ చెప్పింది. "నెయ్యి వేద్దామనుకున్నాను. వేయలేదు."

జ్యోతి చెయ్యి కడుక్కునొచ్చి తింది. ఆ మధ్యాహ్నం తన విభాగంలో ఫస్టు వచ్చింది. జట్టులో పేరు చదివినప్పుడు ప్రిస్కిల్లా నా భుజం మీద పడి ఏడ్చింది. జ్యోతి వచ్చి తల్లిని కావలించుకుంది కూడా.

ఇప్పుడు కరెంటు స్టవ్వు మూలన పడింది. మళ్లీ తల్లే వండుతోంది. పస్తు రోజులూ అన్నం రోజులూ మళ్లీ మొదలయ్యాయి. కానీ ఏ గిన్నె ముందు పెట్టినా జ్యోతి అడుగుతుంది, ఇందులో ఏముందమ్మా అని. తల్లి ఉప్పుతో సహా చెబుతుంది. అప్పుడే చెయ్యి పెడుతుంది.

మొన్న మా గుమ్మంలో కూర్చున్నప్పుడు, అది ఎప్పటికైనా అడగడం మానేస్తుందిలే అని ధైర్యం చెప్పాను.

ప్రిస్కిల్లా తల అడ్డంగా ఊపింది.

"మానకూడదండి," అంది. "అది అడగడం మానేస్తే నేను మళ్లీ పోసేస్తానండి."