బుల్లిబాబు గారి బల్బు పరీక్ష

బుల్లిబాబు గారికి ఈ లోకంలో నచ్చిన దీపం ఒక్కటే, సూర్యుడు. అదీ మబ్బు పట్టని రోజున, పొద్దున పదింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా. ఆ పైన ఎవరెంత గొప్ప బల్బు తెచ్చినా సరే, అది ఆయన ముందు పరీక్షకు కూర్చోవాల్సిందే, ఫెయిలై ఇంటికి పోవాల్సిందే.

ఈ సంగతి తెలిసి కూడా అల్లుడు రవికిరణ్ ఒక పొరపాటు చేశాడు. తెల్లాపూర్‌లో కొత్త విల్లా గృహప్రవేశం నాడు, పీటల మీద కూర్చుని, పంచె జారిపోతున్న కంగారులో, ఎల్ఈడీ లైట్ల సంగతి మీరే చూసుకోండి మామయ్యగారూ అని మర్యాదకో మాట అనేశాడు. అల్లుళ్లు ఇలాంటివి అంటూనే ఉంటారు, మామగార్లు అబ్బే మీ ఇష్టం అంటూనే ఉంటారు. మన బుల్లిబాబు గారు మాత్రం "సరేనండి" అన్నారు. పాలిటెక్నిక్‌లో ముప్ఫై ఏళ్లు ఎలక్ట్రికల్ ల్యాబు చూసి రిటైరైన మనిషి మరి, ఇంకేమంటారు?

అంతే, నాలుగు నెలలు గడిచిపోయాయి. హాలు సీలింగుకి పద్నాలుగు చిల్లులు, ఒక్కో చిల్లులోంచి రెండేసి వైర్లు. పనివాళ్లు వదిలేసి పోయిన బల్బులే ఇంటిల్లిపాదికీ దిక్కయ్యాయి. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లకు ఇదొక కొత్త డిజైనని చెప్పి చెప్పి రవికిరణ్ భార్య రసజ్ఞకు నోరు నొప్పెట్టింది.

ఈలోగా గ్యారేజీలో ఒక ఘోరం జరిగింది. బుల్లిబాబు గారి భార్య జయలక్ష్మి గారు కూకట్‌పల్లిలో ఉన్న రోజుల్లో ఇరవై రెండేళ్లు చీరలకు ఫాల్సు కుట్టారు. ఆవిడ కుట్టిన ఫాలు రంగు చీర రంగులో కలిసిపోయేది. కూతురి దగ్గరికి తెల్లాపూర్ వచ్చాక మిషన్ను గ్యారేజీలో, అక్కడ వేలాడే పనివాళ్ల బల్బు కిందే వేసుకున్నారు. నెల తిరక్కుండానే పక్క విల్లా కృష్ణప్రియ నల్లచీరకు ముదురు నీలం ఫాలు కుట్టి ఇచ్చేశారు. ఆ అమ్మాయి అది కట్టుకుని మిట్టమధ్యాహ్నం పెళ్లికి వెళ్లింది. అక్కడ ఎండలో చూసినవాళ్లందరూ చూశారు.

కృష్ణప్రియ పోనీలెండి ఆంటీ అని నవ్వేసింది. జయలక్ష్మి గారు నవ్వలేదు. కంటి డాక్టరు చూపు దివ్యంగా ఉందన్నాడు. ఆవిడ నమ్మలేదు. కాలనీ గేటు పక్క రేకుల షెడ్డులో పాత చేతి మిషన్ మీద బట్టలు సరిచేసే మల్లమ్మను పిలిచి, నా కరెంటు మిషన్ నువ్వు తీసుకుపో, నాకింక కళ్లు లేవు అని చెప్పేశారు. రెండు నెలలాగి, మూఢం వెళ్లాక వచ్చే ఆదివారం పదకొండింటికి ట్రాలీ ఆటో తెచ్చుకునేట్టు మాట కూడా అయిపోయింది.

రవికిరణ్‌కి బాధ కలిగింది. నిజం చెప్పాలంటే, ఆ బాధ అడుగున చిన్న సంతోషం కూడా ఉంది. మిషన్ పోతే గ్యారేజీ ఖాళీ అవుతుంది, ఎండకు మాడిపోతున్న తన కొత్త కారు లోపలికి వస్తుంది. ఆ సంతోషానికి తనే సిగ్గుపడి, అత్తగారి దగ్గర రెండు రోజులు తలొంచుకు తిరిగాడు.

అదిగో, సరిగ్గా అప్పటినుంచే బుల్లిబాబు గారి పిచ్చి ముదిరింది. అంతకుముందు కందిపప్పు, శెనగపప్పు కలిపి గుప్పిట్లో పట్టుకెళ్లి, బల్బు కింద ఏరి చూసేవారు. ఇప్పుడు చొక్కా జేబులో రెండు గుడ్డముక్కలు వచ్చాయి. ఎక్కడ దీపం వెలుగుతుంటే అక్కడ ఆగడం, ఎదుటి మనిషికి ఆ ముక్కలు చూపించడం, ఇందులో నలుపేదండీ అనడం. ఎదుటి మనిషి రెండూ నలుపే అనగానే జేబులోంచి డైరీ తీసి పేరు, వయసు, బల్బు వివరం రాసుకుని, "ఫెయిల్" అనేవారు. ఫెయిలైంది బల్బో, మనిషో ఎవరికీ అర్థమయ్యేది కాదు.

సెక్యూరిటీ రామన్నని గేటు గదిలో అడిగారు. రామన్న రెండూ నలుపే అన్నాడు, ఫెయిలయ్యాడు. రవికిరణ్ మేనేజరు భోజనానికొస్తే అన్నం కలుపుతుండగా అడిగారు. ఆయన మర్యాదగా రెండుసార్లు చూసి మరీ ఫెయిలయ్యాడు. జయలక్ష్మి గారి కంటి పరీక్ష రిపోర్టు తేవడానికి వెళ్లి కంటి డాక్టరును ఆయన గదిలోనే, ఆయన బల్బు కిందే అడిగారు. డాక్టరు కూడా రెండూ నలుపే అన్నాడు. ఆ రోజు బుల్లిబాబు గారు డైరీ మూసి ఈల వేసుకుంటూ ఇంటికొచ్చారు.

రసజ్ఞ ఒకసారి తండ్రిని గట్టిగానే నిలదీసింది. ఆయన చల్లగా మజ్జిగ తాగి, దీపం విషయంలో తొందరపడకూడదమ్మా అని, గుడ్డముక్కలు ఆమెకే చూపించారు. కన్నకూతురు కూడా డైరీకెక్కింది.

ఆదివారం మల్లమ్మ వస్తుందనగా, శనివారం పొద్దున్నే ఆయన అల్లుడి చేత కారు తీయించి కూకట్‌పల్లికి పోనిమ్మన్నారు. అక్కడ నరేందర్ అనే ఆయన ఎలక్ట్రికల్ షాపుంది. ఆ షాపుకు బుల్లిబాబు గారు ఎన్నిసార్లు వెళ్లారో లెక్కలేదు. కారు దిగుతుండగానే నరేందర్ రెండు చేతులూ జోడించాడు.

"సార్, రెండు నెలల సంది తిరుగుతున్నరు. జర నిజం చెప్పుండ్రి, బల్బు కొననీకి వస్తున్నరా, బట్టముక్కలు అమ్మనీకి వస్తున్నరా?"

బుల్లిబాబు గారు నొచ్చుకోలేదు. తెల్లగా మండేది వద్దు, పచ్చగా ఉండేది వద్దు, వాట్లు నాకు చెప్పకండి, రంగు చూపించేది కావాలి అన్నారు. నరేందర్ బుర్ర గోక్కుని, లోపలినుంచి దుమ్ము పట్టిన పొడుగాటి డబ్బా తెచ్చాడు. పట్టుచీరల షోరూముల కోసం తెప్పించిన రకమట. రంగును ఉన్నదున్నట్టు చూపించడంలో నూటికి తొంభై అయిదు అని డబ్బా మీదే వేశారు. ఇళ్లకు ఎవరూ అడగరు కాబట్టి అటక మీద పడి ఉంది.

ఎండ వెలుతురు పడకుండా షట్టరు సగం పైగా దించేశారు. నరేందర్ లైటు వెలిగించాడు. బుల్లిబాబు గారు గుడ్డముక్కలు అల్లుడి చేతిలో పెట్టారు. రవికిరణ్ అలవాటు కొద్దీ రెండూ నలుపే అనబోయి ఆగిపోయాడు.

"మామయ్యగారూ, ఇది నీలం."

నరేందర్ కూడా వంగి చూశాడు. "అవ్ సార్, గిది నీలమే. మొన్నటిదాక నల్లగనే ఉండె గదా" అన్నాడు. బుల్లిబాబు గారు అల్లుడి భుజం మీద చెయ్యి వేసి, గ్యారేజీకి నాలుగు కట్టండి అన్నారు.

మరి ఇంటికో అని భయపడుతూ అడిగాడు రవికిరణ్. ఇంటికేదైనా పర్వాలేదండి, మీకు నచ్చినవి తీసేసుకోండి అన్నారాయన. నాలుగు నెలల పద్నాలుగు చిల్లుల వ్యవహారం పది నిమిషాల్లో తేలిపోయింది. రవికిరణ్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

తిరిగొచ్చేటప్పుడు కారులో మామగారే నోరు విప్పారు. "ఆ గ్యారేజీ బల్బు తీయకుండా తాత్సారం చేసింది నేనేనండి. నా చాదస్తం వల్ల మీ అత్తయ్యగారు కళ్లు పోయాయనుకున్నారు. ఊరికే ఏదో లైటు పెట్టేసి చూడమంటే, దాని కింద కూడా కనిపించకపోతే ఇంక ఆవిడ లేవలేరు. తప్పు కళ్లది కాదు, బల్బుదని తేలాలి కదా, అందుకని ముందు మీ అందరినీ ఫెయిల్ చేయాల్సొచ్చింది" అన్నారు. ఇన్నాళ్లూ ఈయన్ని మనసులో ఎన్నెన్ని తిట్టానో అనుకున్నాడు రవికిరణ్.

ఆదివారం తొమ్మిదింటికల్లా నాలుగు లైట్లూ బిగించేశారు. షట్టరు దించి, చెమటలు కారుతుండగా, జయలక్ష్మి గారిని బతిమాలి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. ముందు నలభై ఫాల్సున్న గుట్ట పోశారు. నలుపు, ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ, కాఫీపొడి రంగు, నేరేడుపండు రంగు. ఆవిడ నాకెందుకండీ ఈ శిక్ష అంటూనే ఒకటి తీశారు. పక్కన పెట్టారు. ఇంకోటి తీశారు. తర్వాత మాట్లాడ్డం మానేశారు. చేతులు చకచకా కదిలాయి, అయిదు దొంతులు లేచాయి.

రసజ్ఞ షట్టరెత్తి ఒక్కో దొంతినీ ఎండలోకి పట్టుకెళ్లింది. ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు.

జయలక్ష్మి గారికి ముందు కోపమొచ్చింది. "అయితే నా కళ్లు బానే ఉన్నాయన్నమాట. రెండు నెలలు నన్నేడిపిస్తారా?" అని భర్త మీదికి లేచారు. ఆయన డైరీ అందించారు. ఆవిడ పేజీ తర్వాత పేజీ చదివారు. నలభై మూడు పేర్లు. సెక్యూరిటీ రామన్న, ఫెయిల్. అల్లుడుగారు, ఫెయిల్. ఆఫీసు మేనేజరు, ఫెయిల్.

"డాక్టరుగారు కూడానా?" అన్నారు.

"ఆయన అందరికంటే త్వరగా చెప్పేశారు, రెండూ నలుపేనని" అన్నారు బుల్లిబాబు గారు. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వడం మొదలెట్టి, కళ్లు తుడుచుకునే దాకా నవ్వారు.

అంతలో పదకొండయింది. ట్రాలీ ఆటో వచ్చి గేటు దగ్గర ఆగింది. మిషన్ కట్టడానికి తాళ్లు కూడా తెచ్చుకుని లోపలికొచ్చిన మల్లమ్మ, లైటు కింద తన చెయ్యి తిప్పి తిప్పి చూసుకుని, షెడ్డులో నాలుగు దాటితే సూదిలో దారం కూడా పోదక్కా అంది. జయలక్ష్మి గారి మొహం వాడిపోయింది. ఇచ్చిన మాట ఒకవైపు, తిరిగొచ్చిన కళ్లు ఒకవైపు. ఆవిడ మిషన్ మీద చెయ్యేశారు.

"మిషన్ ఇవ్వలేను మల్లమ్మా, ఏమీ అనుకోకు. నువ్వే వచ్చెయ్. నీ బల్ల ఇక్కడ వేసుకో, నువ్వు కూడా ఈ మిషన్ మీద కుట్టుకో. ఇద్దరికీ సరిపోతుంది."

"గిది మీ అల్లుని జాగ గదక్కా, ఆయన ఊకుంటడా?" అంది మల్లమ్మ.

అందరూ రవికిరణ్ వంక చూశారు. అతను తాళంచెవి తీసుకుని బయటికి నడిచాడు. గ్యారేజీ ముందు అడ్డంగా ఉన్న కారును వెనక్కి తీసి ఎండలోనే పక్కకు పెట్టాడు. మల్లమ్మ బల్లా, చేతి మిషనూ వేసుకుని ట్రాలీ షెడ్డు దగ్గర్నుంచి తిరిగొచ్చేసరికి దారి మధ్యలో నిలబడి, రెండు చేతులూ ఊపుతూ, "రానీయ్ అన్నా, రానీయ్, ఇంకా జాగా ఉంది" అని కేకేశాడు.